టెస్టర్ ఒక్కటే చాలదు

ఇంట్లో ఫ్యాను ఆగిపోయినా, బోరు మోటారు మొరాయించినా, కబురందుకుని వచ్చిన ఎలక్ట్రీషియన్ బండి దిగగానే సంచి విప్పుతాడు. అందులోంచి బయటికొచ్చేవి ఏ ఊళ్లోనైనా ఇంచుమించు అవే. కటింగ్ ప్లయరు, టెస్టరు, రెండు స్క్రూడ్రైవర్లు, సుత్తి, హాక్సా బ్లేడు ముక్క, సగం వాడిన ఇన్సులేషన్ టేపు, హోల్డరుకు రెండు వైర్లు తగిలించిన బల్బు. కాస్త పెద్ద పనులు చేసేవాడైతే డ్రిల్ మిషన్, గోడకు గాడి కొట్టే ఉలి, పైపులో వైరు లాగే స్ప్రింగు, మల్టీమీటరు కూడా ఉంటాయి. ఆ సంచి చాలాసార్లు పాత రెగ్జిన్ బ్యాగు, లేదంటే రంగు డబ్బా. ఇంటివాళ్లు దాన్ని పట్టించుకోరు. లైటు వెలిగిందా లేదా అన్నదే చూస్తారు.

చూడాల్సింది మాత్రం ఆ సంచినే. కరెంటు షాకుతో మన దేశంలో ఏటా 12 వేల మందికి పైగా చనిపోతున్నట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చెబుతున్నాయి. వాళ్లందరూ ఎలక్ట్రీషియన్లు కారు. పొలాల్లో రైతులున్నారు, ఇళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. అయితే తీగ పట్టుకోవడమే బతుకుతెరువైన మనిషికి ఆ ముప్పు రోజూ ఎదురవుతుంది. తీగకూ అతని ప్రాణానికీ మధ్య అడ్డుగా ఉండేవి సంచిలోని ఆ నాలుగు వస్తువులే. వాటిని కొనే భారం మొత్తం అతని కూలి డబ్బుల మీదే పడేయడం తప్పు. సరైన పనిముట్లు అతనికి అందేలా చూసే బాధ్యత పని చేయించుకునేవాళ్లు, కాంట్రాక్టర్లు, ప్రభుత్వాలు పంచుకోవాలి.

ముందుగా టెస్టరు సంగతి. జేబుకు తగిలించుకునే ఈ చిన్న వస్తువు మీద మన ఎలక్ట్రీషియన్లకు ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. దాని లోపల ఒక నియాన్ బల్బు, పెద్ద రెసిస్టర్, స్ప్రింగు ఉంటాయి. మొన ఫేజుకు తగిలించి వెనక మూత మీద వేలు పెడితే, అతి కొద్ది కరెంటు పనివాడి ఒంట్లోంచే నేలలోకి వెళ్లి బల్బు వెలుగుతుంది. అంటే ఆ పరీక్షలో మనిషి శరీరమే సర్క్యూట్‌లో ఒక భాగం. ఎండిన చెక్క నిచ్చెన మీద, మందపాటి రబ్బరు చెప్పులతో నిలబడితే వెలుగు మసకబారుతుంది. ఆరుబయట మిట్టమధ్యాహ్నం ఎండలో అయితే వెలిగినా కంటికి ఆనదు. బల్బు మాడిపోయిన టెస్టరు, కరెంటు లేని తీగ రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. న్యూట్రల్ తెగితే సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలగవచ్చు. ఫేజు మీద ఉండాల్సిన స్విచ్‌ను ఎవరో న్యూట్రల్ మీద బిగించి ఉంటే, స్విచ్ ఆపేసినా ఫ్యాను టెర్మినళ్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది.

టెస్టరు వెలగకపోతే కరెంటు లేదనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు.

కరెంటు లేదని తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పరికరాన్ని ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూడాలి. తర్వాత పనిచేయాల్సిన తీగ మీద చూడాలి. ఆ తర్వాత మళ్లీ మొదటి చోటే చూసి, పరికరం ఈలోపు పాడవలేదని నిర్ధారించుకోవాలి. ఇందుకు కావలసింది రెండు మొనలున్న వోల్టేజి డిటెక్టరు. బ్రిటన్‌లో పనిచోట భద్రతను చూసే హెచ్‌ఎస్‌ఈ సంస్థ మార్గదర్శకాలు ఇలాంటి పరికరాన్నే సూచిస్తాయి. పరీక్షించే మొనల దగ్గర బయటికి కనిపించే లోహం 4 మిల్లీమీటర్లు దాటకూడదని, వేళ్లు ముందుకు జారకుండా అడ్డు ఉండాలని, వైర్లకు ఫ్యూజు రక్షణ ఉండాలని కూడా చెబుతాయి. మన ఎలక్ట్రీషియన్ హోల్డరుకు వైర్లు తగిలించి చేసుకునే టెస్ట్ ల్యాంపు వెనకున్న ఆలోచన సరైనదే, రెండు తీగల మధ్య వోల్టేజిని అది నేరుగా చూపిస్తుంది. లోపమల్లా తయారీలో ఉంది. ఇన్సులేషన్ ఒలిచిన వైరు కొసలు బయటే ఉంటాయి, ఫ్యూజు ఉండదు, చేతిలో గాజు బల్బు ఉంటుంది.

తర్వాత కటింగ్ ప్లయరు. దీని చరిత్ర ఇళ్లలోకి కరెంటు రావడానికి ముందే మొదలైంది. 1857లో షికాగోలో మథియాస్ క్లైన్ అనే కమ్మరి, ఒక టెలిగ్రాఫ్ లైన్‌మన్ తెచ్చిన విరిగిన ప్లయరుకు ముందు ఒక సగం, ఆ తర్వాత రెండో సగం కొత్తగా చేసి ఇచ్చాడని, తమ వ్యాపారం అలా మొదలైందని క్లైన్ టూల్స్ కంపెనీ చెప్పుకుంటుంది. ఇప్పుడు మన దేశంలోనే జలంధర్, లూథియానా, నాగౌర్, నాసిక్ వంటి చోట్ల చేతి పనిముట్లు పెద్ద ఎత్తున తయారవుతున్నాయి. కొరత సరుకుకు కాదు, ఏది కొనాలో చెప్పే మనిషికి.

ప్లయరు పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉన్నంత మాత్రాన అది షాకు నుంచి కాపాడుతుందని అనుకోకూడదు. కొన్ని తొడుగులు పట్టు కోసమే ఉంటాయి. కరెంటు ఉన్న చోట వాడదగిన చేతి పనిముట్లకు అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60900. దాని ప్రకారం తయారైన పనిముట్టు మీద రెండు త్రికోణాల గుర్తు, పక్కనే 1000 వోల్టుల అంకె ఉంటాయి. 1000 వోల్టుల వరకూ వాడదగిన ఆ పనిముట్టును అంతకు పదింతలు, 10 వేల వోల్టుల దగ్గర పరీక్షిస్తారు. మన ఇళ్లకొచ్చేది 230 వోల్టులు. ఒంటి నిరోధం వెయ్యి ఓములు అనుకుంటే, ఒంటి గుండా వెళ్లే కరెంటు 230 మిల్లీ ఆంపియర్లు. పది మిల్లీ ఆంపియర్లు దాటితే చాలు, కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న తీగను వదల్లేని స్థితి రావచ్చు. అంతకు కొన్ని రెట్లు పెరిగితే గుండె లయ తప్పుతుంది. పిడి పగిలిన ప్లయరుకు సైకిలు ట్యూబో ఇన్సులేషన్ టేపో చుట్టి వాడటం మన దగ్గర మామూలైపోయింది. చెమట పట్టిన చేతిలో ఆ చుట్ట ఎంత వోల్టేజిని ఆపుతుందో ఎవరూ పరీక్షించలేదు.

సంచిని కూడా పనిముట్టుగానే చూడాలి. అరలు లేని సంచిలో సుత్తి కింద మల్టీమీటరు నలుగుతుంది, ఉలి మొన తగిలి మీటరు వైర్ల ఇన్సులేషన్ చిరుగుతుంది, వానలో తడిసిన ప్లయరు తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. నిచ్చెన మీద ఒక చేత్తో సంచిలో వెతుక్కునేవాడికి పట్టు తప్పుతుంది. అరలున్న గట్టి సంచి, నడుముకు కట్టుకునే చిన్న పౌచ్ ఉంటే ఈ ఇబ్బందులు చాలావరకు తీరతాయి.

స్తంభమెక్కే లైన్‌మన్ విషయంలో ముప్పు ఇంకా పెద్దది. లైన్ క్లియర్ (ఎల్సీ) అనుమతి తీసుకుని, లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచాక కూడా లైను చచ్చిందని అనుకోవడానికి వీల్లేదు. ఏదో ఫంక్షన్ హాలు జనరేటరు నుంచి కరెంటు వెనక్కి మళ్లి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళితే, అటువైపు 11 వేల వోల్టులై లైనులోకి వస్తుంది. అందుకే పనిచేసే చోటుకు రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించాలి. గ్రామాల్లో లైన్‌మన్‌కు సాయంగా స్తంభమెక్కే ప్రైవేటు కుర్రాళ్ల చేతిలో చాలాసార్లు ప్లయరు తప్ప ఏమీ ఉండదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. విద్యుత్ లైన్ల మీద, పరికరాల మీద పనిచేసే ప్రతి వ్యక్తికీ చేతి తొడుగులు, రబ్బరు బూట్లు, సేఫ్టీ బెల్టులు, నిచ్చెనలు, ఎర్తింగ్ పరికరాలు, హెల్మెట్లు, లైన్ టెస్టర్లు సమకూర్చాలని, వాటిని ఎప్పుడూ మంచి స్థితిలో ఉంచాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నాటి భద్రతా నిబంధనలు చెప్పాయి. 2023లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. కాగితం మీద ఉన్న ఈ జాబితా స్తంభం దాకా చేరడం లేదు.

చేర్చడం సాధ్యమేనని చెప్పడానికి అమెరికా అనుభవం ఉంది. 1891లో సెయింట్ లూయిస్‌లో పుట్టిన విద్యుత్ కార్మికుల సంఘానికి మొదటి అధ్యక్షుడు హెన్రీ మిల్లర్. ఆయనా లైన్‌మనే. 1896లో వాషింగ్టన్‌లో లైను మీద పనిచేస్తూ షాకు తగిలి కిందపడి చనిపోయాడు. ఐబీఈడబ్ల్యూగా పేరున్న ఆ సంఘం స్థానిక ఒప్పందాల్లో ఇప్పుడు పనిముట్ల జాబితా రాసి ఉండటం మామూలు. పనివాడు తెచ్చుకోవాల్సిన చేతి పనిముట్లు ఇవి, కాంట్రాక్టరు ఇవ్వాల్సిన యంత్రాలు, ప్రత్యేక పరికరాలు ఇవి అని విడివిడిగా ఉంటాయి. సంచిలో ఏది ఎవరి ఖర్చో ముందే తేలిపోతుంది. గల్ఫ్‌లో పెద్ద కంపెనీల సైట్లలో పనిచేసి వచ్చిన కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ ఎలక్ట్రీషియన్లకు ఇలాంటి క్రమశిక్షణ పరిచయమే. స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, చీటీ తగిలించాకే తీగ ముట్టుకోవడం అక్కడ నేర్చుకున్నారు. ఊరికి తిరిగొచ్చాక ఆ తాళం కొనిచ్చే యజమాని దొరకడు.

మన ప్రభుత్వాలకు పనిముట్లు ఇవ్వడం కొత్తేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆదరణ పథకం కింద వెనకబడిన వర్గాల చేతివృత్తులవారికి పనిముట్లు ఇచ్చారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం కింద పనిముట్ల కోసం 15 వేల రూపాయల వరకు సాయం అందుతుంది. కానీ ఆ పథకం ప్రకటించిన 18 వృత్తుల్లో ఎలక్ట్రీషియన్ లేడు. వడ్రంగి, కమ్మరి, తాపీ మేస్త్రి, కుమ్మరి, దర్జీ వంటి సంప్రదాయ వృత్తుల కోసమే దాన్ని రూపొందించారు. ఆ ఉద్దేశం మంచిదే. అయితే పనిముట్టు బాగా లేకపోతే పని చెడటమే కాక ప్రాణమే పోయే వృత్తికి కూడా అంతటి సాయం ఉండాలి.

ఇందుకు డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు దగ్గరలోనే ఉంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం 1996 చట్టాల నాటి నుంచి నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలు చేస్తున్నారు. కొత్త ఇంటికి వైరింగు చేసేవాడు కూడా నిర్మాణ కార్మికుడే. ఆ నిధి నుంచి, పేరు నమోదైన ప్రతి ఎలక్ట్రీషియన్‌కూ ఒక కిట్ ఇవ్వాలి. రెండు త్రికోణాల గుర్తున్న ప్లయరు, స్క్రూడ్రైవర్లు, వైర్ స్ట్రిప్పరు, రెండు మొనల వోల్టేజి డిటెక్టరు, ఇన్సులేషన్ చేతి తొడుగులు, స్విచ్‌కు వేసే తాళం, అరలున్న సంచి చాలు. తొడుగులు పగుళ్లిస్తే మార్చి ఇచ్చే ఏర్పాటు కూడా ఉండాలి. ఐటీఐలో రెండేళ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివిన కుర్రాడు మంచి పనిముట్లతోనే పని నేర్చుకుంటాడు, కానీ బయటికొచ్చేటప్పుడు అతని చేతికి వచ్చేది సర్టిఫికెట్. దాంతోపాటు కిట్ కూడా ఇస్తే మొదటి రోజు నుంచే సరైన అలవాటుతో పని మొదలుపెడతాడు.

ఇంటివాళ్లు చేయగలిగింది కూడా ఉంది. పని అయ్యేదాకా మెయిన్ ఆపి ఉంచాలి. ఫ్రిజ్ కోసమో టీవీ కోసమో కరెంటు ఉండగానే పని కానిమ్మని తొందరపెట్టకూడదు. కూలి బేరమాడేటప్పుడు మీటరు, సరైన ప్లయరు తెచ్చేవాడు పాతిక రూపాయలు ఎక్కువ అడిగితే ఇవ్వాలి. అపార్టుమెంటు సంఘాలు పని అప్పగించే ముందు కాంట్రాక్టరు లైసెన్సుతోపాటు పనివాళ్ల పనిముట్లు కూడా చూడాలి. రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) కాంట్రాక్టు పనుల బిల్లులు చెల్లించే ముందు, పనిలోకి దిగిన ప్రతి మనిషికీ తొడుగులు, ఎర్త్ రాడ్లు, డిటెక్టరు ఇచ్చినట్టు సంతకం తీసుకోవాలి. సెస్సు అందుకునే నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుల దగ్గర కార్మికుల పేర్లున్నాయి, నిధీ ఉంది. తడి గోడలు, తెగిన తీగలతో ప్రమాదాలు పెరిగే వానాకాలానికి ముందే మొదటి విడత కిట్లు జిల్లాలకు చేర్చాలి.