పేపర్ గ్లాసు

పోయిన నెల తెనాలిలో ఒక స్నేహితురాలి ఇంట్లో టీ తాగాను. ఆరుగురం ఉన్నాం. అయిదుగురికి స్టీలు గ్లాసుల్లో టీ వచ్చింది. నాకు పేపర్ గ్లాసులో వచ్చింది.

ఇంతే విషయం. దీని మీద ఇంత పొడుగు పోస్టా అని మీలో కొందరికి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అందుకే ఇన్నాళ్ళూ రాయకుండా ఆగాను. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో చివరి దాకా చదివితే తెలుస్తుంది.

ఆ స్నేహితురాలూ నేనూ ఏడేళ్ళుగా ఒకే రైల్లో తెనాలి నుంచి బాపట్ల వెళ్తున్నాం. ఒకే బాటిల్లో నీళ్ళు తాగుతాం. నా కేరేజీ మూత తీసి, నన్ను అడక్కుండానే గోంగూర రొయ్యలు తీసుకుని తినేస్తుంది. నా పీహెచ్‌డీ వైవా రోజున నాకంటే ఎక్కువ కంగారు పడింది తనే. ఇలాంటి మనిషి ఇంట్లో జరిగింది ఇది.

టీ తెచ్చింది వాళ్ళ అత్తగారు. పెద్దావిడ. మాట మెత్తన. "గ్లాసులు తక్కువయ్యాయమ్మా, ఏమీ అనుకోకు" అంది. నేను కూర్చున్న చోటికి వంటగది గూడు కనిపిస్తూనే ఉంది. బోర్లించిన స్టీలు గ్లాసులు లెక్కపెట్టాను. తొమ్మిది.

ఆ ఇంటికి నేను వెళ్ళడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ స్టీలు గ్లాసే ఇచ్చారు. ఈ మధ్యలో కొత్తగా జరిగింది ఒకటే. ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతి సభలో నేను మాట్లాడిన వీడియో ఎవరో ఫార్వర్డ్ చేస్తే వాళ్ళ ఇంటి ఫోన్లలోకి వెళ్ళింది. అంతకు ముందు నేను 'డాక్టరేట్ చేసిన తెలుగు మేడమ్'ని. మా ఇంటిపేరు చూసి ఏదీ తేల్చలేరు. వీడియో చూశాక తేలిపోయింది.

నేనేం చేశాను? టీ తాగేశాను. బాగుంది ఆంటీ అన్నాను. గ్లాసు నలిపి నేనే బయట చెత్తబుట్టలో వేసి వచ్చాను. తీసే శ్రమ కూడా వాళ్ళకు లేకుండా చేశాను. ఇంటికొచ్చాక నాకు కోపం వచ్చింది ఆవిడ మీద కాదు, ఆ నలిపి పారేసిన నా చేతి మీద.

ఆ ఆదివారం రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. అక్కడ ఇంకో స్నేహితురాలు ఉంది, స్కూల్లో టీచరు. మా పేటల మనిషే. నెలకోసారి వాళ్ళింట్లో కూడతాం. పీతల పులుసు, ఎండు నెత్తళ్ళు వేసిన వంకాయ కూర, వీలైతే పెద్దకూర. సాయంత్రం దాకా కబుర్లు. విషయం చెబితే తను పడీపడీ నవ్వింది. "అక్కా, నీకు గ్లాసన్నా ఇచ్చారు. నాకైతే ఇల్లే ఇవ్వలేదు" అంది.

తన ఇల్లు వెతుకులాట కథ మీలో చాలామందికి తెలిసిన కథే. ఇప్పుడు కులమేంటని ఎవరూ అడగరు. "మీరు నాన్‌వెజ్ తింటారా అమ్మా?" అని అడుగుతారు. తింటానంటే, "ఏదేదీ తింటారు?" అని రెండో ప్రశ్న. ఆ రెండో ప్రశ్న దగ్గర మన నోరు తడబడిందా, ఇల్లు ఎవరికో అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు. తనకు లేదన్న ఆ ఇంటాయన ఆదివారం పొద్దున్నే మటన్ షాపు ముందు సంచీ పట్టుకుని నిలబడటం తను కళ్ళారా చూసింది. ఆయనకు మాంసంతో పేచీ లేదు. ఆ మాంసం ఎవరి పొయ్యి మీద ఉడుకుతుందన్న దాంతోనే పేచీ.

మా స్టాఫ్‌రూమ్‌లోనూ అంతే. ఏ కాలేజీ అన్నది అనవసరం, మీరు పనిచేసే చోటా ఇలాంటి గది ఉంటుంది. అక్కడ అపోలో ఫిష్ ఆర్డర్ పెడితే అందరూ చుట్టూ చేరతారు. నేను ఎండు నెత్తళ్ళ కూర తెచ్చిన రోజు కిటికీలు తెరుచుకుంటాయి. "ఏంటి మేడమ్, ఈరోజు స్పెషలా?" అని ముక్కు దగ్గర కొంగు. రెండూ చేపలే. ఒకటి హోటల్ నుంచి వచ్చింది, ఇంకోటి మా అమ్మ వండింది. నిజాంపట్నం వైపు నుంచి ఎండు చేపల తట్ట మా ఊరికి వస్తేనే మా ఇంట్లో వానాకాలం గడిచేది. పనుల్లేని రోజుల్లో గుప్పెడు నెత్తళ్ళు, నాలుగు వంకాయలు, కుండెడు అన్నం. నేను ఇవాళ చాక్‌పీస్ పట్టుకున్నానంటే ఆ కూర తిని పెరిగిన చెయ్యి ఇది.

మేం డిగ్రీ పిల్లలకు శ్రీనాథుడిని చెబుతాం. రాజుల దగ్గర విందులు తిన్న ఆ కవి పల్నాడు వెళ్ళి, అక్కడ సన్నన్నం దొరక్క జొన్నకూడు తినాల్సొచ్చిందని విసుక్కుంటూ చెప్పాడనే చాటువులు ఇప్పటికీ క్లాసులో నవ్వులు పూయిస్తాయి. ఆరు వందల ఏళ్ళ కిందట ఒక పెద్ద కవికి తిండి దగ్గర కలిగిన చిన్న చిరాకు తెలుగు సాహిత్య చరిత్రలో చోటు సంపాదించుకుంది. దాన్ని చమత్కారం అంటాం. ఆ జొన్నకూడే గతి అయినవాళ్ళ చిరాకు ఏ పద్యంలో ఉంది? మనం మన చిరాకు చెప్పుకుంటే మాత్రం "ప్రతిదాంట్లో కులం వెతుకుతారేంటి మేడమ్" అంటారు. చిరాకుపడే హక్కు కూడా అందరికీ సమానంగా పంచలేదు ఈ దేశం.

"చిన్న విషయం" అనే మాటకు మన ప్రాంతంలో ఒక చరిత్ర ఉంది. నేను రోజూ ఎక్కే రైలు తెనాలి దాటి బాపట్ల వెళ్ళే దారిలో చుండూరులో ఆగుతుంది. 1991లో ఆ ఊరి సినిమాహాల్లో ఒక చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీట్లో ఉన్న అగ్రకుల వ్యక్తికి తగిలింది. కాలు తగలడం! సినిమాహాల్లో ఎవరి కాలు ఎవరికి తగల్లేదు? ఆ కాలు నుంచి గొడవ, గొడవ నుంచి సాంఘిక బహిష్కరణ, పొలం పనులు బంద్. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. 2007లో ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. అటు కారంచేడు. ఇప్పుడు అదీ బాపట్ల జిల్లాలోనే ఉంది. 1985 జూలైలో మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే అడ్డు చెప్పారు. మున్నంగి సువార్త తన నీళ్ళ బిందె ఎత్తింది. ఆ మర్నాడు ఆరుగురు దళితులను చంపారు.

నా పేపర్ గ్లాసునూ ఆ చావులనూ ఒకే గాటన కట్టడం లేదు. అలా కడితే చనిపోయినవాళ్ళకు అవమానం. నేను చెప్పేది వేరు. కాలు తగిలిందనీ, బిందె ఎత్తిందనీ అంత కక్ష ఎందుకు పుట్టింది? అవి తమ స్థానాన్ని కదిలించేవని వాళ్ళకు తెలుసు కాబట్టి. కుర్చీ ఎక్కడ, గ్లాసు ఏది, ఎవరు ముందు కూర్చోవాలి అన్న వాటితోనే కులం రోజూ తన లెక్కలు సరిచూసుకుంటుంది. వాళ్ళు వాటిని ఎన్నడూ చిన్న విషయాలుగా చూడలేదు. మనల్ని మాత్రం చిన్న విషయాలు అనుకోమంటున్నారు.

మరి చట్టం? హోటల్లో రెండు గ్లాసులు పెడితే 1955 నుంచీ నేరమే. అప్పుడు అస్పృశ్యత నేరాల చట్టం, తర్వాత దాని పేరే పౌరహక్కుల పరిరక్షణ చట్టం అయింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం మన పోరాటాల వల్ల వచ్చింది. కానీ స్నేహితురాలి వంటగది గూట్లోకి ఏ చట్టమూ వెళ్ళదు, వెళ్ళాలని నేను కోరుకోను కూడా. అక్కడికి వెళ్ళగలిగేది స్నేహం ఒక్కటే. అది వెళ్ళకపోతే ఆ గడపకు అవతల రాజ్యాంగం లేనట్టే.

అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో సహపంక్తి భోజనాల గురించి చెప్పింది గుర్తుచేసుకోండి. కలిసి తిన్నంత మాత్రాన కులం చావలేదని ఆయన అప్పుడే తేల్చారు. ఏడేళ్ళు నా కేరేజీలో రొయ్యలు తిన్న స్నేహం నాకు అదే పాఠం మళ్ళీ చెప్పింది. రైల్లో కలిసి తినడం సులువు. రైలు ఎవరి ఇల్లూ కాదు. ఉస్మానియాలో 2012 ఏప్రిల్ 15న విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ చేసినప్పుడు గొడవలయ్యాయి, అయినా వాళ్ళు నిలబడ్డారు. ఆ ధైర్యానికి దండం. కానీ పండగ ఒక్క రోజు. కేరేజీ రోజూ విప్పాలి. మామూలు బుధవారం నాడు, పక్కన ఎవరూ నినాదం ఇవ్వనప్పుడు, మూత తీయడానికి ఇంకో రకం ధైర్యం కావాలి.

ఇక్కడితో ఆపేస్తే ఈ పోస్టుకు మంచి లైకులు వస్తాయి. కానీ ఇంకొకటి చెప్పాలి. నన్ను ఇన్నాళ్ళూ ఆపింది కూడా అదే.

గ్లాసు సంగతి జరిగిన రెండో వారం స్టాఫ్‌రూమ్‌లో ఒంటరిగా కూర్చున్నాను. మా గదులు ఊడ్చే అమ్మ లోపలికి వచ్చింది. యానాది మనిషి, రేపల్లె వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఫ్లాస్కులో మిగిలిన టీ పోసుకోమన్నాను. ఆమె కిటికీ ఊచల మధ్య గుచ్చి ఉంచిన ఒక ప్లాస్టిక్ గ్లాసు తీసింది. పంపు దగ్గర కడుక్కుంది. పోసుకుని, గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని తాగింది. మళ్ళీ కడిగి అదే ఊచల్లో పెట్టింది.

ఆ గ్లాసు అక్కడ ఎన్నేళ్ళుగా ఉందో నాకు తెలియదు. నేను ఆ గదిలో ఏడేళ్ళుగా ఉన్నాను. దళిత సాహిత్యం మీద పీహెచ్‌డీ చేశాను. పక్కింటి గూట్లో తొమ్మిది గ్లాసులు లెక్కపెట్టిన నా కళ్ళకు నా కిటికీలో ఒక్క గ్లాసు కనపడలేదు. నాకు ఇచ్చింది పేపర్ గ్లాసు, నేను ఉన్న గదిలో ఆమెకు దక్కింది ప్లాస్టిక్ గ్లాసు. నేను పెట్టలేదు, నిజమే. మా స్నేహితురాలూ పెట్టలేదు, వాళ్ళ అత్తగారు పెట్టింది. ఇద్దరం చూడలేదు. తేడా ఏముంది?

మన సభల్లోనూ ఇదే చూడండి. సభ అయ్యాక భోజనాలు. వేదిక మీద అన్నలు, వంట దగ్గర అక్కలు. మాల ఇంట్లో మాదిగలు, మాదిగ ఇంట్లో రెల్లి వాళ్ళు ఎంత తరచుగా తింటున్నారో నిజాయితీగా లెక్క వేయండి. మనకు దెబ్బ తగిలింది కాబట్టి మన చెయ్యి ఎవరికీ తగలదనుకోవడం తప్పు.

మర్నాడు ఇంటి నుంచి రెండు స్టీలు గ్లాసులు తీసుకెళ్ళాను. "అమ్మా, ఇక్కడే కుర్చీలో కూర్చుని తాగు" అన్నాను. "వద్దులే మేడమ్, నాకు అలవాటే. రేపు నిన్నేం అనరు, నన్నే అంటారు" అంది. ఆమె భయం ఆమెది, నిజమైనది. నా మంచితనం ప్రదర్శించుకోడానికి ఆమె ఉద్యోగాన్ని పణం పెట్టలేను. అందుకని ముందు మీటింగులో నేనే మాట్లాడాను. ఈ గదిలో అందరికీ ఒకే గ్లాసులు ఉండాలన్నాను. ఇద్దరు సరే అన్నారు, ఒకాయన ఫోన్ చూసుకున్నారు. గ్లాసులు వచ్చాయి. ఆమె ఇంకా మెట్టు మీదే తాగుతోంది, కానీ స్టీలు గ్లాసులో. ఇప్పటికి అంతే.

ఆ సాయంత్రం రైల్లో నా స్నేహితురాలికి గ్లాసు సంగతి చెప్పాను. మొదట "ఛఛ, అత్తయ్య అలాంటిది కాదు" అంది. తొమ్మిది గ్లాసుల లెక్క చెప్పాను. ఇంకేం మాట్లాడలేదు. చుండూరు దాటాం, మాట లేదు. తెనాలిలో దిగి ఎవరి దారిన వాళ్ళం వెళ్ళాం. వారం రోజులు తను వేరే పెట్టె ఎక్కింది. ఆ వారం నాకు బాధగానే ఉంది. స్నేహాలు మనకు ఊరికే దొరకవు.

మొన్న సోమవారం వచ్చి పక్కన కూర్చుంది. "ఇంట్లో పెద్ద గొడవైంది. అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. ఆదివారం మా ఇంటికి భోజనానికి వస్తావా?" అంది. వస్తానో రానో ఇంకా చెప్పలేదు. ఆ ఇంట్లో యుద్ధం నా కంచం చుట్టూ జరగడం నాకిష్టం లేదు. కానీ తను పిలిచింది, ఖరీదు చెల్లించి పిలిచింది. బహుశా వెళ్తాను. వెళ్తే ఎండు నెత్తళ్ళ కూర పట్టుకెళ్తాను.

పిల్లలూ, తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు చెప్పదలచుకున్నది ఇదే. మీ హాస్టల్లో, మీ రూమ్‌లో, మీ దోస్తు ఇంట్లో ఇలాంటిది జరిగితే నాలాగా గ్లాసు నలిపి పారేసి రాకండి. దోస్తుకు చెప్పండి. పోట్లాడే ముందు చెప్పండి. చెబితే పోయే స్నేహమైతే అది ఎంత దూరం వస్తుందో ముందే తెలుస్తుంది. చెప్పాక, మీరు కూర్చున్న గది కిటికీ వైపు ఒకసారి చూడండి.

జై భీమ్.