ఊరికొక వడ్రంగశాల

మన పట్టణములలో పఠనమందిరమునకు పోయి పత్రిక చదువుట గౌరవము. ఉలి పట్టుట అగౌరవము. తన యింటి తలుపు బిగిసినచో చిత్రిక పట్టుకొనలేని పట్టభద్రుడు స్వావలంబనమును గూర్చి గంటసేపు ఉపన్యసింపగలడు. ఈ వైపరీత్యమును ఇంకను ఎంతకాలము సహింతుము?

సభ్యులందఱును చందాలు వేసికొని, యంత్రములు ఉమ్మడిగా కొని, వంతులవారీగా వాడుకొను వడ్రంగశాల ప్రతి పట్టణమునను వెలయవలయునని మా వాదము. ఇది వింతకోరిక కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు మహాసభగా కూడిననాడు వారి యుద్యమమునకు మూలమైన తలంపేమి? ఒక్కడు కొనలేని పుస్తకములను పదుగురు కలిసి కొని అందఱును చదువుకొనవచ్చుననియే గదా. పుస్తకమునకు చెల్లిన న్యాయము రంపమునకేల చెల్లదు?

"అంతయు ప్రభుత్వము చూచుకొనును" అనువారు కలరు. చూచుకొనుచునే యున్నది. 2023 సెప్టెంబరులో ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకము క్రింద వడ్రంగికి పనిముట్ల నిమిత్తము 15,000 రూపాయలవఱకు సహాయము కలదు. తక్కువ వడ్డీకి మొదట లక్ష, పిమ్మట రెండు లక్షలవఱకు ఋణమును కలదు. మంచిదే. కాని పదునైదువేలకు చేతిరంపమును, విద్యుత్తు బరమాయు వచ్చునేమో గాని, పలకను సమమైన మందమునకు దించు యంత్రము రాదు. అప్పుచేసి కొన్నను, ఒక్క వడ్రంగి పనికి అది నెలలో ఎన్నిగంటలు తిరుగును? తక్కిన కాలమంతయు తిరుగునది వడ్డీయే.

దుమ్ము సంగతి మఱియు ఘోరము. కఱ్ఱపొడి మనుష్యులకు కాన్సరు కలిగించునని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనసంస్థ 1995లోనే నిర్ణయించినది. ఆ పొడిని పీల్చివేయు గొట్టములు పెద్ద కర్మాగారములలో నుండును. వీథియరుగుపై పనిచేయువాని ముక్కునకు తువ్వాలే గతి. ఉమ్మడిశాలలో ఆ వ్యయమును ఏబదిమంది పంచుకొందురు.

అమెరికాలోనే ఇది నిలువలేదని కొందఱు వెక్కిరింతురు. 2006లో కాలిఫోర్నియాలో వెలసి పలు పట్టణములకు ప్రాకిన టెక్‌షాప్ అను కంపెనీ 2017 నవంబరులో ఒక్కమాఱుగా తలుపులు మూసినమాట నిజమే. కాని అచట సభ్యులు నెలరుసుము చెల్లించు ఖాతాదారులే గాని యజమానులు కారు. దివాలా దినమున వారిచేతిలో తాళపుచెవి లేదు. శాల సభ్యుల సొత్తుగా నుండవలెననుటకు ఇంతకన్న సాక్ష్యమేల? హైదరాబాదున 2023 మార్చిలో తెఱచిన టి-వర్క్స్ ప్రభుత్వము కట్టినది, ఘనమైనది. కాని తెనాలివాడు బల్లకాలొకటి చెక్కుకొనుటకు అచటికి పోవునా?

ఇక వడ్రంగుల కూడు చెడునను ఆక్షేపణ. దీనిని తేలికగా త్రోసివేయరాదు. వారి కూడు చెడగొట్టునది, పొట్టు అదిమి చేసిన పలకలతో కర్మాగారములనుండి దిగు బీరువాయే. ఐనను శాలలో వృత్తివడ్రంగులకే అగ్రస్థానము ఉండవలెను. పాలకవర్గమున సగము వారిది. పగటివేళ యంత్రములు వారివి, సాయంకాలము తక్కినవారివి. నేర్పువానికి గంటకింతయని వేతనము ముట్టవలెను. ఊరక నేర్పుమనుట మన పెద్దమనుష్యులకు అలవాటైన దోపిడి. తన చేతితో ఒక్క అతుకు కుదిర్చి చూచినవాడు మఱల వడ్రంగికూలికి బేరమాడడని మా నమ్మకము.

ఉమ్మడిగొఱ్ఱె పుచ్చిచచ్చునను సామెతను మేమెఱుగుదుము. గొఱ్ఱె చచ్చినది కాపరి లేకయే! జీతమిచ్చి యంత్రరక్షకుని నియమింపుడు. అతడు పరీక్షించి ఒప్పుకొననిదే ఎవనిని, ఎంతటి వకీలునైనను, చక్రపురంపము దరికి రానీయరాదు. ఉంగరములు, వ్రేలాడు పైపంచెలు, చేతితొడుగులు గుమ్మమునొద్దనే తీసివేయవలెను.

చట్టమును అడ్డుపడదు. 1995నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము ప్రకారము వేర్వేరు కుటుంబములవారు పదిమంది కలిసినచో సంఘమును రిజిష్టరు చేయించుకొనవచ్చును. ప్రభుత్వపు వాటాధనముతో పనిలేదు. ఈ వారమే మీ పఠనమందిరపు బల్లమీద ఒక కాగితముంచి పేర్లు వ్రాయింపుడు. మొదటి రెండు పేర్లు వడ్రంగులవి కావలెను. నిబంధనావళి వ్రాయుటకు మా వృత్తిలో పనిలేనివారు ప్రతి కోర్టు చెట్టుక్రిందను దొరకుదురు.