సంతకం పెడితేనే సొమ్మా?

దుకాణం కాలిపోయినవారి ముందు, ఇల్లు నీట మునిగినవారి ముందు బీమా సంస్థ ఒక కాగితం పెడుతుంది. ‘ఈ మొత్తంతో నా క్లెయిమ్ పూర్తిగా తీరిపోయింది, ఇక అడగబోను’ అని అందులో ఉంటుంది. సంతకం పెడితే సొమ్ము వస్తుంది, లేదంటే ఆగుతుంది. నష్టం పది లక్షలని రాసిచ్చిన వ్యాపారికి నాలుగు లక్షలే చూపిస్తే, మిగతా ఆరు లక్షలు ఏ లెక్కన పోయాయో చెప్పే నాథుడు ఉండడు. సరుకు అరువిచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడ్డప్పుడు అతను బేరమాడగలడా? కళ్లు మూసుకుని సంతకం పెడతాడు. ఈ పద్ధతి పోవాలి. సంస్థ తాను ఒప్పుకున్న మొత్తాన్ని ఏ షరతూ లేకుండా ముందు చెల్లించాలి. మిగిలినదానిపై వాదన తర్వాత సాగించుకోవచ్చు.

హైదరాబాద్ పాతబస్తీకి ఇది ఎక్కడో దూరపు సమస్య కాదు. 2020 అక్టోబరు వానలకు ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట, హఫీజ్‌బాబానగర్ ప్రాంతాల్లో బస్తీలకు బస్తీలే మునిగాయి. ప్రభుత్వం ప్రకటించిన తక్షణ సాయం కుటుంబానికి 10 వేల రూపాయలు. తడిసిన బియ్యం, పాడైన ఫ్రిజ్, ఉబ్బిన గోడల ముందు అది ఏ మూలకు? 2025 ఫిబ్రవరిలో మదీనా దగ్గరి దివాన్‌దేవిడిలో బట్టల దుకాణాల సముదాయం తగలబడింది. అదే ఏడాది మే 18న గుల్జార్‌హౌజ్ అగ్నిప్రమాదం 17 మంది ప్రాణాలు తీసింది. ఫైరింజన్ తిరగలేని సందులు, అంతస్తుల నిండా బట్టల మూటలు ఉన్న చోట బీమా విలాసం కాదు. కట్టిన ప్రీమియానికి న్యాయంగా రావలసింది రాకపోతే మాత్రం అది వట్టి కాగితమే.

కోతలన్నీ అక్రమం కావు. పాత సామానుకు తరుగుదల తీస్తారు, మిగిలిన సరుకు విలువ మినహాయిస్తారు. నలభై లక్షల సరుకున్న దుకాణానికి ఇరవై లక్షలకే బీమా చేయించి ఉంటే, పది లక్షల నష్టానికి ఐదు లక్షలే వస్తాయి. ఇది పాత నిబంధనే. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన ప్రామాణిక పాలసీల్లో ఇళ్లకు ఈ కోత తీసేశారు, చిన్న వ్యాపారాలకు 15 శాతం వరకు తేడాను మన్నించారు. కానీ పాలసీ అమ్మిన రోజు ఈ లెక్క చెప్పినవారెవరు? ప్రీమియం తగ్గించి చూపడానికి బీమా మొత్తాన్ని కుదించి రాసి, ప్రమాదం జరిగాక అదే తప్పును పాలసీదారు నెత్తిన రుద్దడం న్యాయం కాదు. నేలమాళిగలో ఉన్న దుకాణాన్ని స్వయంగా చూసి పాలసీ ఇచ్చి, కాలిపోయాక ‘నేలమాళిగకు వర్తించదు’ అన్న సంస్థను సుప్రీంకోర్టు 2022లో తప్పుపట్టింది. సెల్లార్లలో సరుకు నింపుకునే మన బజార్లకు ఆ తీర్పు కొండంత అండ.

అసలు చిక్కు సర్వేయర్ నివేదిక దగ్గర ఉంది. నిర్ణీత పరిమితి దాటిన నష్టాన్ని లైసెన్సున్న సర్వేయర్ అంచనా వేయాలని బీమా చట్టం చెబుతోంది. అతనికి ఫీజు ఇచ్చేది బీమా సంస్థే. ఆ నివేదిక శిలాశాసనం కాదని సుప్రీంకోర్టు 2009లో ప్రదీప్‌కుమార్ కేసులో తేల్చింది. తమకు నచ్చిన అంకె వచ్చేదాకా సర్వేయర్లను మార్చుకుంటూ పోవడం కుదరదని అదే ఏడాది శ్రీ వేంకటేశ్వర సిండికేట్ కేసులో హెచ్చరించింది. మోసంతోనో ఒత్తిడితోనో పెట్టించుకున్న ‘పూర్తి పరిష్కారం’ సంతకం పాలసీదారు హక్కును చంపదని 1999లోనే చెప్పింది. బీమా నియంత్రణ సంస్థ కూడా 2015లో ఈ మాటే సర్క్యులర్‌లో రాసింది. అయినా ఆ కాగితం బతికే ఉంది. కోర్టుదాకా వెళ్లే ఓపిక బాధితులందరికీ ఉండదన్న ధీమాయే దానికి ప్రాణం.

దొంగ బిల్లులు పెట్టేవారు, నష్టాన్ని పెంచి చూపేవారు ఉన్నారన్నది సంస్థల వాదన. నిజమే, ఉన్నారు. మోసాన్ని రుజువు చేసి క్లెయిమ్ తిరస్కరించే అధికారం సంస్థకు ఎలాగూ ఉంది. కానీ తన సర్వేయరే లెక్కకట్టిన, తానే ఒప్పుకున్న మొత్తంలో మోసం ఎక్కడుంది? దాన్ని ఎందుకు తొక్కిపట్టాలి?

నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం ఈ నగరంలోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. సర్వేయర్ 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలని, అది అందిన 7 రోజుల్లో సంస్థ నిర్ణయం చెప్పాలని 2024లో గడువులు పెట్టింది. గడువులు పెడితే చాలదు. నివేదిక ప్రతిని అడగకముందే బాధితుడి చేతికివ్వాలి. ఏ వస్తువుకు ఎంత కోశారో, ఎందుకు కోశారో తెలుగులో, ఉర్దూలో రాసివ్వాలి. పాలసీ అమ్మేటప్పుడు బీమా మొత్తాన్ని ఎలా నిర్ణయించారో ఏజెంటు సంతకంతో నమోదు చేయాలి. పెద్ద ప్రమాదం జరిగిన చోట, బీమా ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ శిబిరం పెట్టాలి.

వ్యాపారులు, ఇంటి యజమానులు కూడా జాగ్రత్త పడాలి. సర్వే పూర్తయ్యేదాకా పాడైన సరుకు పారేయకూడదు, ఫొటోలు తీసి ఉంచుకోవాలి. ఖాతా పుస్తకాల నకలు దుకాణం బయట ఉండాలి. సంతకం తప్పనిసరైతే ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాసి పెట్టాలి. సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాక నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆయనకుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఒక్కరే యజమానిగా ఉన్న దుకాణాలకూ ఆ తలుపు తెరిచే ఉంది. ఆయన తీర్పు సంస్థ పాటించాల్సిందే, నచ్చకపోతే పాలసీదారు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. దానికి గడువు రెండేళ్లు.

ఒప్పుకున్న బాకీ తీర్చడానికి షరతు పెట్టే హక్కు ఏ సంస్థకూ లేదు. నియంత్రణ సంస్థ ఈ మాటను సలహాగా కాక, జరిమానాతో కూడిన ఉత్తర్వుగా వెంటనే జారీ చేయాలి.