పెంకు చెప్పేది విందాం

పాటిగడ్డ మీద నడుస్తుంటే కాలికి తగిలే కుండపెంకును ఎవరు లెక్కచేస్తరు? దాని మీద నాలుగు గీతలో, చుక్కల వరుసో కనిపించిందా, ఇగ వాదన మొదలు. ఒకరు విదేశాలదంటరు. ఇంకొకరు మనదేనంటరు. పెంకు ఏం చెప్తుందో వినేటోళ్లే తక్కువ.

1945లో మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో తవ్వకాలు జరిపిండు. ఇటలీలో చేసిన ఎర్రని పాత్రల ముక్కలు, ద్రాక్షసారా జాడీల ముక్కలు బయటపడ్డయి. వాటితోపాటు మరో రకం పళ్లేల పెంకులూ దొరికినయి. సన్నని మట్టి, నున్నని మెరుపు, లోపలి అడుగున గుండ్రంగా వరుసలు తీరిన చిన్నచిన్న నొక్కులు. ఈ నొక్కుల పనితనం మధ్యధరా తీరం నుంచే వచ్చిందని వీలర్ తేల్చిండు. దశాబ్దాలపాటు అదే మాట చెల్లుబాటయింది.

అలంకారం కన్ను చూసేది. మట్టి పరీక్ష చెప్పేది వేరు. ఏ వాగు ఒడ్డు మట్టిలో ఏ ఖనిజాలుంటయో, అక్కడి కుండలోనూ వాటి గుర్తులుంటయి. గోగ్టే అనే శాస్త్రవేత్త ఎక్స్‌రేలతో ఈ పెంకుల ఖనిజాలను పరీక్షించి, 1997లో ఫలితాలు ప్రకటించిండు. అవి చూపించింది రోమ్‌ను కాదు, బెంగాల్‌లోని చంద్రకేతుగఢ్-తామ్లుక్ ప్రాంతాన్ని. ఇదే రకం పళ్లేలు బాలి ద్వీపంలోని సెంబిరన్‌లోనూ దొరికినయి. అంటే మన తూర్పు తీరపు పడవలు రోమ్ వర్తకుల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదన్నమాట.

సంతోషమే. కానీ ఇక్కడే మనం జాగ్రత్త పడాలె. అరికమేడులో దొరికినంత మాత్రాన ఆ పళ్లేలు అరికమేడువి కాలేదు. మన దగ్గరా అంతే. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో 1940-41లో నిజాం రాజ్యపు పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల నాణేలు, మట్టిబొమ్మలు, కుండపెంకులు దొరికినయి. అక్కడి ప్రతి అందమైన పెంకూ అక్కడి కుమ్మరి సారె మీదనే తిరిగిందని పరీక్ష చేయకముందే అంటే, వీలర్‌కూ మనకూ తేడా ఏముంది? ఆయన పడమర దిక్కు చూసి తొందరపడ్డడు, మనం మన ఊరి మీది ప్రేమతో తొందరపడతం.

మన చరిత్రను మనమే రాసుకోవాలని గట్టిగా అన్నవాళ్లం. అయితే రుజువులతో రాయాలె. పాటిగడ్డ మీది పెంకును జేబులో వేసుకొని తెచ్చే ఉత్సాహవంతులకు మా విన్నపం ఒక్కటే: దాన్ని అక్కడే ఉంచండి. ఏ పొరలో, ఏ వస్తువుల పక్కన ఉందో తెలియని పెంకు తన సాక్ష్యంలో సగం పోగొట్టుకున్నట్టే. దిబ్బలను చదును చేస్తే మిగతా సగమూ పోతది.

విశ్వవిద్యాలయాల్లో చరిత్ర విద్యార్థులూ, రసాయనశాస్త్ర విద్యార్థులూ ఒకే బల్ల ముందు కూర్చోవాలె. తవ్వకాల నివేదికలు బీరువాల్లో మగ్గకుండా జనం చేతికి రావాలె. పెంకు చెప్పే మాట మనకు నచ్చినా నచ్చకపోయినా అచ్చు వేయాలె. ఆత్మగౌరవం అంటే అదే.