చాపకూటిలో చోటెవరికి?

2019 మే నెల. ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్ తాను ఒక స్త్రీని ప్రేమిస్తున్నానని చెప్పిన వార్త పేపర్లో వచ్చింది. నరసరావుపేటలో మా పక్కింటి పెద్దావిడ పేపరు మడిచి, "పతకాలు తెచ్చిందిగా, ఆ కాళ్లు దేవుడిచ్చినవే. ఈ బుద్ధి మాత్రం దేవుడిచ్చింది కాదమ్మా" అంది. కాళ్లిచ్చిన దేవుడు మనసివ్వడం మర్చిపోయాడా అని అడగబోయి ఊరుకున్నాను. అలా ఊరుకోవడం నాకు మొదటిసారి కాదు.

అంతకు రెండేళ్ల ముందు, కాలేజీలో నా దగ్గర చదువుకుంటూ కబడ్డీ ఆడే ఒక పిల్ల ఇంటికొచ్చింది. "నాకు పెళ్లొద్దు మేడమ్. మా టీమ్‌లో అమ్మాయంటే ఇష్టం. కొండకు మొక్కుకుంటే పోతుందంటోంది మా అమ్మ. మొక్కితే పోవడానికి ఇదేమన్నా జ్వరమా? పాపమా ఇది?" అని అడిగింది. నేను పాపమనలేదు, కాదనీ అనలేదు. "ముందు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకో. అప్పటిదాకా ఈ మాట ఎవరి దగ్గరా ఎత్తకు" అన్నాను. అప్పటికి 377వ సెక్షన్ అమల్లోనే ఉంది. నేనిచ్చింది సలహా అనుకున్నాను. నిజానికి నోటికి తాళం వేశాను. ఏడాది తిరక్కుండానే ఆ పిల్లకు పెళ్లయింది, ఆట ఆగిపోయింది.

ద్యుతీ మనకు పరాయిదేం కాదు. హైదరాబాదులో గోపీచంద్ అకాడమీలో, నాగపురి రమేష్ దగ్గర సాధన చేసింది. 2014లో ఒంట్లో పురుష హార్మోను ఎక్కువుందని ఆమెను పోటీలకు దూరం పెట్టారు. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికెళ్లి 2015లో ఆ నిబంధనను ఆపించింది. 2018 ఆసియా క్రీడల్లో రెండు వెండి పతకాలు తెచ్చింది. ముందు ఆమె రక్తాన్ని కొలిచారు, తర్వాత ప్రేమను కొలిచారు. ఆడదాన్ని తూచే రాళ్లు ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే ఉంటాయి. 2023లో డోపింగ్ కేసులో ఆమెకు నాలుగేళ్ల నిషేధం పడింది. దాని లెక్క దానిది. ప్రేమించడాన్ని తెచ్చి ఆ లెక్కలో కలపకండి.

ఈ ఒక్క విషయంలో మతాలు ఎంత చక్కగా కలిసిపోతాయో చూడండి. 2009లో ఢిల్లీ హైకోర్టు 377 కోరలు పీకితే, ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకెక్కిన వాళ్లలో ఒక జ్యోతిష్కుడున్నాడు, ముస్లిం పర్సనల్ లా బోర్డు ఉంది, ద్యుతీ సొంత రాష్ట్రపు ఉత్కళ్ క్రిస్టియన్ కౌన్సిల్ ఉంది. 2013 డిసెంబరులో వాళ్ల మాటే నెగ్గింది. 2018 సెప్టెంబరు 6న ఆ తీర్పు పోయాకే ద్యుతీ నోరు విప్పగలిగింది. మిగతా రోజుల్లో ఒకరి గడప ఒకరు తొక్కని వాళ్లు ఇక్కడ మాత్రం ఒకే పక్షాన నిలబడ్డారు.

విశ్వాసం ఎవరిష్టం వారిది కదా అంటారు. నిజమే. ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాడు ఇజ్రాయెల్ ఫోలౌ, స్వలింగ ప్రేమికులకు నరకమేనని బహిరంగంగా రాసి అదే 2019 మేలో కాంట్రాక్టు పోగొట్టుకున్నప్పుడూ ఇదే వాదన వచ్చింది. నరకం ఉందని నమ్మడం అతనిష్టం. కానీ తోటి ఆటగాళ్లలో, ఆ ఆట చూసే పిల్లల్లో అలాంటి వాళ్లుంటారు. వాళ్లకు నరకమేనని చాటడం ప్రార్థన కాదు, బెదిరింపు.

2023 మార్చిలో మహిళల ప్రీమియర్ లీగ్ తొలి ఫైనల్ మా ఇంట్లో అందరం చూశాం. ముంబయిని గెలిపించిన నాట్ సివర్-బ్రంట్ ఒక స్త్రీని పెళ్లాడింది. ఎదుటి ఢిల్లీ జట్టులో ఆడిన మరిజాన్ కాప్ కూడా అంతే. టీవీ ముందు ఎవరికీ ఏ దేవుడూ గుర్తు రాలేదు. అదే ఏడాది అక్టోబరు 17న అలాంటి పెళ్లిని గుర్తించడానికి మన సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మన గడ్డ మీద ఆడి మన చప్పట్లు అందుకునే పరాయి దేశపు పిల్లకున్న హక్కు మన పిల్లకు లేదు.

పల్నాటి వాళ్లం మాట్లాడితే బ్రహ్మనాయుడి పేరెత్తుతాం. మాచర్ల చెన్నకేశవుడి భక్తుడాయన. ఆ భక్తితోనే అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని, మాల కన్నమదాసును కొడుకులా చేరదీశాడని గర్వంగా చెప్పుకుంటాం. కారెంపూడి వీరారాధన ఉత్సవాల్లో చాపకూడు ఇప్పటికీ జరుపుకుంటున్నాం. ఆనాటి ఆచారపరుల దృష్టిలో అది అధర్మమే. మరి ఇప్పుడది మన ఘనత ఎలా అయింది? పక్కన ఎవరు కూర్చోవచ్చో నిర్ణయించింది మనుషులే, మార్చిందీ మనుషులే. దేవుడు ఒప్పుకోడని ఈ పిల్లల్ని చాప మీంచి లేపుతున్నదీ మనుషులే. పరువు మనది, పేరు దేవుడిది.

మనమూ తక్కువేం తినలేదు. పెళ్లిలో హింస గురించి కథలు, కవితలు, పరిశోధనలు రాశాం. పెళ్లే వద్దన్న ఆటగత్తె గురించి ఎంత రాశాం? మతాన్ని నిలదీసే మన కలాలు ఇక్కడికొచ్చేసరికి నాలాగే ఉద్యోగం వచ్చేదాకా ఆగమంటున్నాయి.

ఆ పిల్ల మళ్లీ మా గుమ్మంలోకొచ్చి పాపమా మేడమ్ అని అడిగితే, కాదని చెబుతాను. పక్కింటి పెద్దావిడకు కూడా వినబడేంత గట్టిగా చెబుతాను.