సర్వర్ మారుతుంది, లైసెన్సు వెంట రాదు

పుదుచ్చేరి పట్టణంలో బీచ్ రోడ్డు మీదున్న ప్రధాన సచివాలయం నుంచి గోదావరి ఒడ్డున ఉన్న యానాంకు రోడ్డు మార్గంలో దాదాపు 800 కిలోమీటర్లు. కేంద్రపాలిత ప్రాంతం పేరుకు ఒకటే అయినా నేల మీద నాలుగు ముక్కలు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడును ఆనుకుని ఉంటే, మాహే కేరళ పక్కన, యానాం ఆంధ్రప్రదేశ్ మధ్యన ఉన్నాయి. ఇలాంటి చోట పాలన ఆన్‌లైన్‌కు మారడం ఆర్భాటం కాదు, అవసరం. యానాంలోని తెలుగు కుటుంబం ఇంటి దగ్గర నుంచే పని పూర్తి చేసుకోవాలంటే ఎక్కడో ఒక సర్వర్ మీద వెబ్ అప్లికేషన్ ఆగకుండా నడవాలి.

ఆ సర్వర్‌కూ ఆయుష్షు ఉంటుంది. యంత్రం పాతబడుతుంది, నిల్వ చాలదు, భద్రతా సవరణలు ఆగిపోతాయి. అప్పుడు అప్లికేషన్‌ను కొత్త సర్వర్‌కో, క్లౌడ్‌కో తరలించాలి. ప్రభుత్వ శాఖ, కళాశాల, ఆసుపత్రి, హోటల్, ఎవరికైనా ఇది తప్పదు. సాధారణంగా దీన్ని ఇంజనీర్ల పనిగా చూస్తారు. ఫైళ్లు, డేటాబేస్ కాపీ చేసి, డొమైన్‌ను కొత్త చిరునామాకు మళ్లిస్తే అయిపోయిందనుకుంటారు. అసలు చిక్కు చాలాసార్లు బీరువాలో పడి ఉన్న ఒప్పంద పత్రంలో ఉంటుంది.

కొన్నది సరుకా, అనుమతా?

ఈ ప్రశ్నకు తెలుగు నేలతో సంబంధం ఉంది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2004 నవంబరులో తీర్పు ఇచ్చింది. సీడీల వంటి వాటిలో పెట్టి అందరికీ ఒకేలా అమ్మే సాఫ్ట్‌వేర్ ‘సరుకు’ కిందకే వస్తుందని, దానిమీద అమ్మకపు పన్ను వేయవచ్చని చెప్పింది. 2021 మార్చిలో ఇంజనీరింగ్ అనాలిసిస్ సెంటర్ కేసులో అదే కోర్టు, ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు వాడకందారు చెల్లించే డబ్బు కాపీరైట్‌కు కట్టే రాయల్టీ కాదని తేల్చింది.

పన్ను లెక్కలో సరుకే. కానీ ఇల్లు మారేటప్పుడు సొంత బీరువాను తీసుకెళ్లినంత తేలిగ్గా దీన్ని తీసుకెళ్లలేం. ఏ యంత్రం మీద, ఎన్ని కోర్ల మీద, ఎవరి డేటా సెంటర్‌లో నడపవచ్చో లైసెన్సు ఒప్పందమే చెబుతుంది. కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ చట్టబద్ధంగా ప్రోగ్రాం పొందినవారికి, ఏ పనికోసం పొందారో ఆ పనికి కాపీ చేసుకునే వీలు, నష్టం నుంచి రక్షణకు బ్యాకప్ ఉంచుకునే వీలు ఇస్తోంది. అయితే తరలింపు రోజుల్లో పాత, కొత్త సర్వర్లు రెండూ ఒకేసారి పనిచేస్తుంటే రెండోదాన్ని బ్యాకప్ అని వాదించడం కష్టం. ఆ గడువు ఒప్పందంలోనే రాసి ఉండాలి. దొంగ కాపీ అని తెలిసి కూడా కంప్యూటర్‌లో వాడితే 63బీ సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

లెక్క మారితే బిల్లు మారుతుంది

ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ డేటాబేస్‌నే తీసుకుందాం. సొంత సర్వర్‌లో ఎనిమిది ఇంటెల్ కోర్లుంటే, కంపెనీ పట్టిక ప్రకారం కోరుకు సగం చొప్పున నాలుగు ప్రాసెసర్ లైసెన్సులు చాలు. అదే అమెజాన్ క్లౌడ్‌కు మారితే ఆ సగం లెక్క వర్తించదు. రెండు వర్చువల్ సీపీయూలకు ఒక లైసెన్సు. ఎనిమిది కోర్లంటే అక్కడ సాధారణంగా 16 వర్చువల్ సీపీయూలు, కాబట్టి ఎనిమిది లైసెన్సులు కావాలి. అప్లికేషన్ అదే, వాడేవాళ్లు అంతే, లైసెన్సులు మాత్రం రెట్టింపు.

మైక్రోసాఫ్ట్ నిబంధనల్లోనూ ఇలాంటి మలుపులున్నాయి. ఒక సర్వర్‌కు కేటాయించిన లైసెన్సును మామూలుగా 90 రోజుల లోపు మరో సర్వర్‌కు మార్చకూడదు. యంత్రం శాశ్వతంగా పాడైతే మినహాయింపు ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ లైసెన్సును బయటివారి క్లౌడ్‌కు తీసుకెళ్లాలంటే సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ అనే అదనపు ఒప్పందమో, సబ్‌స్క్రిప్షనో ఉండాలి.

జావాది మరో కథ. 2023 జనవరి నుంచి ఒరాకిల్ తన జావా సబ్‌స్క్రిప్షన్‌ను సర్వర్ల లెక్కన కాక సంస్థలోని మొత్తం ఉద్యోగుల లెక్కన అమ్ముతోంది. అప్పుడు ప్రకటించిన ధర, వెయ్యి మంది లోపు ఉంటే, తలకు నెలకు 15 డాలర్లు. పుదుచ్చేరిలో 300 మంది సిబ్బందితో ఒక విద్యాసంస్థ ఉందనుకుందాం. ఒక్క సర్వర్ కోసం ఈ సబ్‌స్క్రిప్షన్ తీసుకున్నా ఏడాదికి 54 వేల డాలర్లు. అదే పని చేసే ఓపెన్‌జేడీకే ఉచితంగా దొరుకుతుంది. తరలించే రోజున ఏది ఇన్‌స్టాల్ చేశారన్నదే తేడా.

నిబంధనలు మధ్యలోనే మారిపోవచ్చు కూడా. 2023 నవంబరులో వీఎంవేర్‌ను కొన్న బ్రాడ్‌కామ్, మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి సబ్‌స్క్రిప్షన్లకు మళ్లింది.

సొంతంగా చేయించుకున్నదైనా

చిన్న పట్టణాల్లోని సంస్థలకు పెద్ద కంపెనీల కంటే దగ్గరి సమస్య ఇంకొకటుంది. అడ్మిషన్లకో, గదుల బుకింగ్‌కో స్థానిక డెవలపర్‌తో అప్లికేషన్ రాయించుకుంటారు. డబ్బు ఇచ్చాం కాబట్టి కోడ్ తమదే అనుకుంటారు. ఉద్యోగి రాసిన కోడ్ మామూలుగా యజమానిదే. బయటి కాంట్రాక్టర్ రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు రాసినవాడిదే. దాన్ని బదిలీ చేయాలంటే సంతకంతో కూడిన పత్రం ఉండాలని 19వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వం కోసం చేసిన పనికి చట్టంలో విడిగా రక్షణ ఉంది. ప్రైవేటు సంస్థకు ఆ ఆసరా లేదు. లైసెన్సు కీ పాత సర్వర్ ఐపీ అడ్రస్‌కు ముడిపడి, రాసినవారు ఫోనుకు దొరక్కపోతే తరలింపు అక్కడితో ఆగుతుంది.

ఓపెన్ సోర్స్ అంటే షరతులు లేవని కాదు

ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. టెండరు వేసేవారు దాన్ని పక్కనపెడితే కారణం చూపాలని అందులో ఉంది. సర్వర్ మారిన ప్రతిసారీ అనుమతి అడగనక్కర్లేదు కాబట్టి ఇది మంచి దారే.

అలాగని కళ్లు మూసుకుని నడిచే దారి కాదు. మామూలు జీపీఎల్ కింద ఉన్న ప్రోగ్రాంను సొంత సర్వర్‌పై మార్చుకుని నడిపినంత మాత్రాన కోడ్ బయటపెట్టనవసరం లేదు. ఏజీపీఎల్ అయితే, మార్పులు చేసి నెట్‌వర్క్ ద్వారా సేవ అందిస్తే ఆ వాడకందారులకు సోర్స్ కోడ్ అందుబాటులో ఉంచాలి. రెడిస్ 2024 మార్చిలో లైసెన్సు మార్చేసరికి దానికి ప్రత్యామ్నాయంగా వాల్‌కీ పుట్టింది. సెంట్ఓఎస్ 7కు 2024 జూన్ 30తో సవరణలు ఆగిపోయాయి.

ఉమ్మడి వేదిక మరో మార్గం. 2025లో పుదుచ్చేరి శాసనసభ అందుకున్న ‘నేవా’ కాగితరహిత విధానం ఇలాంటిదే. అది ఎన్ఐసీ క్లౌడ్ ‘మేఘరాజ్’ మీద నడుస్తుంది. సర్వర్ భారం సభ ఒక్కదాని మీదే పడదు. కానీ ప్రతి కళాశాలకూ, ప్రతి ఆసుపత్రికీ అలాంటి నీడ దొరకదు.

అందుకే తరలింపు పని టెండరుతో కాదు, జాబితాతో మొదలు కావాలి. ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్, ప్లగిన్లు, ఫాంట్ల వరకు ఏది ఎవరిది, దేని లెక్కన కొన్నారు, క్లౌడ్‌కు మార్చవచ్చా, రెండు సర్వర్లు కలిసి ఎన్ని రోజులు నడపవచ్చు అన్నవి ముందే రాసుకోవాలి. కొత్తగా రాయించే అప్లికేషన్లకు కోడ్ హక్కు, సర్వర్ మార్చే హక్కు ఒప్పందంలో ఉండాలి. అడిగించుకునే శక్తి కొనుగోలుదారుకు సంతకం పెట్టే ముందే ఉంటుంది. డేటా అంతా ఆ సాఫ్ట్‌వేర్‌లో చేరాక, చెప్పిన ధర కట్టడమో సేవ ఆపడమో తప్ప దారి ఉండదు. ఆగేది పుదుచ్చేరిలోని సర్వరే అయినా, పని మానుకుని తిరగాల్సింది యానాంలోని మనిషి.