సంచి మీద పీచు అంకె ఒక్కటే చాలదు

బ్రాయిలర్ రైతులు కలిసినప్పుడల్లా ఒకే మాట వింటున్నాం. దాణా మారింది, రెట్ట పలచబడింది, షెడ్డులో పరిచిన ఊక తడిసి గడ్డకట్టింది, కోడికి బరువు రాలేదు. సంచి మీద చూస్తే పీచు శాతం సరిగానే ఉంది. మరి తప్పెవరిది?

పీచంతా ఒకటి కాదు. వరి ఊక, ఓట్స్ పొట్టు నీళ్లలో కరగవు. కోడికి దాని నుంచి బలమేమీ రాదు గానీ, కందనకాయకు పని దొరుకుతుంది. ముతక పొట్టు 2, 3 శాతం ఉంటే కందనకాయ గట్టిపడి మేతను బాగా నూరుతుంది, గింజలోని పిండి పదార్థం బాగా అరుగుతుంది. మరీ మెత్తటి దాణా తిన్న పిల్లలు కింద పరిచిన ఊకను ఏరుకు తినడం మనం చూస్తున్నదే. అయితే మోతాదు మించితే దాణాలో బలం తగ్గి, ఎదుగుదల మందగిస్తుంది.

గోధుమ, బార్లీలో ఉండే కరిగే పీచు సంగతి వేరు. అది పేగులో జిగురులా చిక్కబడి, మేతలోని పోషకాలను ఒంటికి పట్టనివ్వదు. రెట్ట జిగటగా మారుతుంది, లిట్టర్ తడుస్తుంది, అమ్మోనియా ఘాటు లేస్తుంది, పాదాలు పుండ్లవుతాయి. చిన్న పిల్లలకు ఈ దెబ్బ ఎక్కువ. మొక్కజొన్న, జొన్నల్లో ఈ పీచు తక్కువ. గోధుమ వాడితే జైలనేజ్, బార్లీ వాడితే బీటా గ్లూకనేజ్ ఎంజైమ్ కలపాలి.

సంచి మీద రాసే 'ముడి పీచు' పరీక్షలో ఈ కరిగే పీచు చాలావరకు లెక్కకు రాదు. అంకె ఒకటే ఉన్న రెండు సంచులు కోడి కడుపులో రెండు రకాలుగా పనిచేస్తాయి.

మొక్కజొన్న ధర పెరిగితే దాణాలో వేరే గింజలు కలపడం తప్పు కాదు. చెప్పకుండా కలపడమే తప్పు. ఒప్పందపు పెంపకంలో దాణా కంపెనీది, షెడ్డు, కరెంటు, కూలి మనవి. ఎఫ్‌సీఆర్ పెరిగితే పెంపకం ఛార్జీలో కోత మాత్రం మనకే. ఇది న్యాయం కాదు.

అందుకే మేం మూడు అడుగుతున్నాం. ఏ గింజలు, ఏ ఎంజైములు కలిపారో సంచి మీద తెలుగులో రాయాలి. మిశ్రమం మారిస్తే ముందే చెప్పాలి. దాణా వల్ల నష్టమని తేలితే కోత రద్దు చేయాలి.

రైతులు కూడా జాగ్రత్తపడాలి. లిట్టర్ తడిస్తే ముందు నీళ్ల పైపులు, గాలి, జబ్బు లక్షణాలు చూసుకోండి. దాణా వచ్చిన రోజే సూపర్‌వైజర్ ఎదుట నమూనా తీసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు చేసి పొడిచోట దాచండి. సంచి లేబుల్ చింపి పారేయకండి. నమూనా లేని ఫిర్యాదును ఎవరూ పట్టించుకోరు. చేతిలో ఆధారం ఉంటే మీ వెంట సంఘం నిలబడుతుంది.